తులసికోట వెనక తూము

లక్ష్మణమ్మతో నోరు పెట్టుకుని నెగ్గినవాళ్లు నరసన్నపేటలో ఇంతవరకూ పుట్టలేదు. వానపడి వీధిలో నీళ్లు నిలిచాయంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కొంగు నడుముకి బిగించి, మూడడుగుల ఎత్తున్న తన అరుగు మీద నిలబడి వీధి మొత్తాన్నీ ఉతికి ఆరేసేది. కాలవలో కవర్లు పారేసేవాళ్లకి ఒక వాయి. కారెక్కించుకోడానికి కాలవ మీద సిమెంటు పోసి కప్పేసిన గణపతిరావు మేష్టారికి రెండు వాయిలు. మిగిలినదంతా పంచాయతీ ఆఫీసుకి.

ఆవిడ బాధ తన ఇంటి గురించి కాదు. ఆ మూడడుగుల అరుగు ఏ వానకీ తడవలేదు. బాధంతా పక్కింటి గున్నమ్మ కోసం. ఈ వీధి ఒకప్పుడు వరిమడి. ఇద్దరూ ఇందులోనే పక్కపక్కన వంగి నాట్లు వేశారు, ఒకే గిన్నెలో చద్దన్నం తిన్నారు. తర్వాత మడి ప్లాట్లయింది. ఒకరిని చూసి ఒకరు పునాదులు లేపారు, రోడ్డునీ లేపారు. గున్నమ్మ పెంకుటిల్లు ఒక్కటే పాత మట్టంలో ఉండిపోయి గొయ్యిలా తయారైంది. చినుకు పడితే చాలు, నీళ్లు ముందు ఆవిడ గడపే తొక్కుతాయి. మంచం కోళ్ల కింద నాలుగేసి ఇటుకలు పెట్టుకుని, కాళ్లు గాల్లో వేలాడేసుకుని కూర్చునేది పాపం.

దీపావళి వెళ్లిన వారం అల్పపీడనం పట్టింది. ఆ ఏడాది మూడోసారి గున్నమ్మ ఇంట్లోకి నీళ్లొచ్చాయి.

"ఇంక నావల్ల కాదు అప్పా. ఇల్లు అమ్మీసి గజపతినగరం మా పిల్ల దగ్గరికి ఎళ్లిపోతాను. ఆదివారం బేరగాడు వస్తాడట" అంది గున్నమ్మ, అక్క వరసతో పిలిచే లక్ష్మణమ్మతో.

"నువ్వెళ్లిపోతే నానెవుర్తో తగువాడాల?" అని లక్ష్మణమ్మ గయ్యిమంది గానీ, కళ్లల్లో నీళ్లు ఆగలేదు. ఆ రోజు గురువారం. మూడంటే మూడు రోజులుంది.

తిన్నగా పంచాయతీ ఆఫీసుకెళ్లి గుమ్మంలో బైఠాయించింది. ఈవిడ నోటికి దడిసి మధ్యాహ్నానికల్లా త్రినాథ్‌ని పంపారు. కొత్తగా చేరిన పారిశుధ్య కార్మికుడు, పనిమంతుడు. కాలవ మీద పలకలు ఒక్కొక్కటే లేపి, బురదా సీసాలూ కవర్లూ గుట్టగా బయట పోశాడు. మేష్టారి సిమెంటు కిందికి వెదురు బొంగు దూర్చి అడ్డం తీశాడు. ఇంతలో వాన మళ్లీ అందుకుంది. నీళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

త్రినాథ్ తల గోక్కున్నాడు. "సెత్తంతా తీసీసినానమ్మా. అయినా నీరు కదల్నేదు. కాలవ అడుగు ఇటేపే వాలతన్నాది. నీరంతా మీ గుమ్మం ఎదురుగా, ఆ తులసికోట కాడికొచ్చి ఆగిపోతన్నాది. దాని ఎనకాల ఏటుందమ్మా?"

లక్ష్మణమ్మ నోరు పడిపోయింది. ఆ నోరు మూతపడటం వీధివాళ్లు చూడటం అదే మొదలు.

దాని వెనక ఏముందో ఆవిడకి తెలియకపోతే కదా! తొమ్మిదేళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు సిద్ధాంతిగారు వాస్తు చూడ్డానికి వచ్చి, గుమ్మానికి ఎదురుగా రోడ్డు గట్టు కింద నోరు తెరుచుకుని ఉన్న తూముని చూపించాడు. "ఇది గుమ్మానికి పోటమ్మా, పెద్ద దోషం, ఇంటి సిరిని మింగేస్తుంది" అన్నాడు. అంతే, భర్త నరసింగరావు రాళ్లూ సిమెంటూ పెట్టి దాన్ని మూయించేశాడు. సిమెంటు తట్టలు మోసింది లక్ష్మణమ్మే. గుమ్మం తియ్యగానే తులసమ్మ కనిపించాలని ముందు కోట కట్టించింది కూడా ఆవిడే. అది మండు వేసవి, తూములో చుక్క నీరు లేదు. ఆ తర్వాత పంచాయతీ కాలవ వచ్చింది, నీళ్ల సంగతి ఇక అదే చూసుకుంటుందనుకున్నారు. ఆ కాలవ కూడా చివరికి ఈ తూములోంచే రోడ్డవతల వాగులో, ఆ గెడ్డలో కలవాలన్న ఆలోచన మడిలో పుట్టి పెరిగిన మనిషికి తట్టలేదు! గురివింద గింజ సామెత ఊరికే పుట్టిందా?

అరుగు మీంచి నరసింగరావు ఊరుకోమని కళ్లతోనే సైగ చేశాడు. నిజమే, ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? త్రినాథ్ వెళ్లిపోతాడు. ఆదివారం గున్నమ్మా వెళ్లిపోతుంది.

గున్నమ్మ ఇంట్లోంచి తపేలాతో నీళ్లు తోడిపోస్తున్న చప్పుడు వినబడింది. లక్ష్మణమ్మ మోకాలిలోతు నీళ్లలో నడుచుకుంటూ వెళ్లి ఆవిడ ముందు నిలబడింది.

"ఒసే గున్నమ్మా, ఊరందర్నీ తిట్టినాను గానీ నిన్ను ముంచింది నానేనే. ఆ తులసికోట ఎనకాల తూముంది. మేవే మూసీసినాం."

గున్నమ్మ చేతిలో తపేలా ఆగింది.

"తొమ్మిదేళ్లే అప్పా..." అంది. చీర చెంగుతో మొహం తుడుచుకుని, "మరింకా నిలబడి ఏటి సూస్తావు? గునపం తే!" అంది.

లక్ష్మణమ్మ గునపం తెచ్చేసరికి నరసింగరావు అడ్డం తిరిగాడు. "కార్తీకంలో తులసమ్మని కదుపుతావేటే? ఇంటికి అరిష్టం!"

"అరిష్టం తొమ్మిదేళ్లుగా పక్కింట్లో కాపురముంటన్నాది మావా! నీ కంటికి అవుపడ్నేదా?"

లక్ష్మణమ్మ తులసికి దణ్ణం పెట్టి, "తల్లీ, పెరట్లో నీకు ఇంతకన్నా మంచి కోట కడతాను" అని మొక్కని వేళ్లతో సహా పెళ్లగించబోయింది. కాసేపు గునిసి, నరసింగరావే అరుగు దిగివచ్చి మట్టిగడ్డ రెండో వైపు పట్టుకున్నాడు.

తర్వాత గునపం దెబ్బలే దెబ్బలు. లక్ష్మణమ్మ అలిసిపోతే గున్నమ్మ అందుకుంది, గున్నమ్మ చేతిలోంచి త్రినాథ్ లాక్కున్నాడు. గొడుగేసుకుని తమాషా చూస్తున్న గణపతిరావు మేష్టారు కూడా సిగ్గుపడి లుంగీ ఎగ్గట్టి దిగాడు. చివరి రాయి కదిలింది. లోపల గుడగుడమంది. ఒక్కసారిగా వీధిలో నీళ్లన్నీ చెప్పుల్నీ చెత్తనీ మోసుకుంటూ తూములోకి ఉరికాయి.

"ఎళ్లు! ఎళ్లు తల్లీ! గెడ్డలోకెళ్లు!" అని వానలో ఎగిరి గంతేసింది లక్ష్మణమ్మ. అరవయ్యేళ్ల మనిషి! వీధి వీధంతా ఈలలూ కేకలూ.

"నీరు పల్లమెరుగు. మనవే ఎరగనేదు" అంది గున్నమ్మ నవ్వుతూ. ఆవిడ గడప బయటపడింది. తర్వాత మెట్టు కూడా బయటపడింది.

శుక్రవారం, శనివారం వాన కుంభవృష్టిగా కురిసింది. గున్నమ్మ ఇంట్లోకి చుక్క రాలేదు. మేష్టారు తన సిమెంటు తనే పగలగొట్టించి, తీసి వేసుకునే ఇనప జల్లెడ పెట్టించాడు. ఆదివారం బేరగాడు వస్తే, "ఇల్లు అమ్మటం నేదు బాబూ, టీ తాగి ఎళ్లు" అంది గున్నమ్మ.

వాడటు వెళ్లగానే ఇద్దరూ మంచం ఎత్తి, కోళ్ల కింద ఇటుకలన్నీ లాగి పెరట్లో పేర్చారు. కొత్త తులసికోటకి అవి సరిపోతాయని లక్ష్మణమ్మ లెక్కేసింది.

గున్నమ్మ మంచం మీద కూర్చుంది. ఆవిడ పాదాలు రెండూ పొడినేల మీద ఆనాయి.