మరక అనకూడదు

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మా ఇంటి ముందు ఆరుగురు మగవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని ఒక కారు చుట్టూ నిలబడి ఉన్నారు. పురిటిబిడ్డని చూడటానికి వచ్చినవాళ్ళు కూడా అంత వినయంగా నిలబడరు.

వాళ్ళది పాత కార్ల సంఘం. రెండేళ్ళ క్రితం ఎవరిదో కారు విలువ దగ్గర మాటామాటా పెరిగి, టైర్ల షాపాయన పళ్ళ డాక్టరు కాలరు పట్టుకున్నాడు. పళ్ళు రాలగొడతానని డాక్టరు అరిచాడు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఆయన మత్తివ్వకుండా ఆ పని చేస్తాననడం అదే మొదటిసారి. ఆ తర్వాత సంఘం సిగ్గుపడి మర్యాద నియమాలు రాసుకుంది. మా ఆయనే వాటిని టైపు చేసి, లామినేషన్ చేయించి, తలా ఒకటి పంచారు. మాది ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది.

తోటి సభ్యుడి కారుని ముందు మెచ్చుకోవాలి. తుప్పు పట్టిందనకూడదు, ‘ప్రేమ కావాలి’ అనాలి. పెద్దవారు చెప్పిన ధరకి ఎదురు చెప్పకూడదు. యజమాని ఎదుట మ్యాట్ ఎత్తి చూడకూడదు, అది ఆయన్ని అనుమానించినట్టు. అందరూ సరేనన్నాక కొనేవాళ్ళింట్లో టీ ఇస్తారు. మొదటి కప్పు అమ్మేవాడి చేతికి వెళ్ళిందంటే బేరం కుదిరినట్టే. ఇక వెనక్కి పోవడం లేదు.

ఆ రోజు అమ్మేది సంఘం అధ్యక్షులవారు. కొనేది మా ఆయన. డబ్బు మాత్రం అత్తయ్య మోకాళ్ళది.

నేను ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు సూపర్‌వైజర్ని. జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టి ఆమె ఆపరేషన్‌కి దాచాను. తారీఖు కూడా ఇచ్చారు. ఈలోగా మా ఆయనకి ఈ కారు మీద మనసు పడింది.

“ఆపరేషను ఆర్నెల్లు ఆగుతుంది. ఇలాంటి కారు ఆగదు,” అన్నారు.

ఖాతా ఇద్దరి పేరా ఉంది, సంతకాలూ ఇద్దరివీ కావాలి. రెండు వారాలు ఇంట్లో మాటల్లేవు. చివరికి విసిగిపోయి, “మీ సంఘంవాళ్ళంతా చూసి బాగుందంటే సంతకం పెడతాను,” అన్నాను. వాళ్ళు చూస్తారనుకోవడం నా తెలివితక్కువతనం.

“రంగు అద్భుతం అధ్యక్షా,” అన్నాడు పళ్ళ డాక్టరు.

“ఇంజను చప్పుడు వింటే నిద్రొస్తోంది. అంత హాయి,” అన్నాడు టైర్ల షాపాయన. “కాస్త దగ్గుతోందని కాదు గానీ...”

“గొంతు సవరించుకుంటోంది,” అని డాక్టరు అందించాడు.

“మొహమాటం లేకుండా చెప్పండి. నేనేమీ అనుకోను,” అన్నారు అధ్యక్షులు. ఏమీ అనుకోనని చెప్పే మనిషి మొహం ఎలా ఉంటుందో, అలాగే ఉంది ఆయన మొహం.

తర్వాత ఆయన ధర చెప్పారు. నాకు మూడేళ్ళ జీతం.

“మరీ అన్యాయం. మీ కారుని మీరే తక్కువ చేసుకుంటున్నారు,” అన్నాడు టైర్ల షాపాయన. ఆయన జేబులోంచి పోయేదేముంది! మిగిలినవాళ్ళు తలలూపారు. మా ఆయన అందరికంటే ఎక్కువ ఊపారు.

అత్తయ్య వరండాలో కుర్చీలో కూర్చుని, మోకాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని ఇదంతా చూస్తోంది.

“అమ్మాయ్, ఆ కారు తలుపు తీసినప్పుడల్లా ఏదో ముక్కిపోయిన వాసన. నాకేనా?” అంది.

నేను మెట్లు దిగాను. “ఒకసారి లోపల కూర్చోవచ్చా అన్నయ్యగారూ?”

“తప్పకుండా చెల్లెమ్మా. చెప్పులు దులుపుకుని,” అన్నారు అధ్యక్షులు.

లోపల అద్దానికి మూడు నిమ్మవాసన బిళ్ళలు వేలాడుతున్నాయి. మూడెందుకో కూర్చోగానే తెలిసింది. తడి దుప్పట్లు మూటకట్టి రెండు రోజులు మూల పడేస్తే వచ్చే వాసన అది. నా సగం జీవితం ఆ వాసనతో పోట్లాడటంలోనే గడిచింది. ఎంత సబ్బు వేసినా గుడ్డ దాన్ని పూర్తిగా వదలదు.

మ్యాట్ ఎత్తకూడదు. సీటుబెల్టు గురించి మాత్రం నియమాల్లో ఒక్క ముక్క లేదు. పట్టుకుని మెల్లగా, చివరిదాకా లాగాను. పైన నల్లగా నిగనిగలాడుతున్న బెల్టు, లోపల చుట్టలో దాక్కున్న ఆఖరి రెండడుగులూ మట్టిరంగులో ఉంది. నలుపు ఆగి మట్టి మొదలైన చోట నీళ్ళు నిలిచిన గీత.

“ఇది వరదలో మునిగిన కారండీ. ఇదిగో మరక,” అన్నాను.

ఆరుగురూ ఒక్కసారిగా ఆకాశం వైపు చూశారు. అక్కడేమీ లేదు.

“అమ్మా,” అన్నాడు పళ్ళ డాక్టరు, నొప్పి తెలియకుండా సూది దించే గొంతుతో. “మా సంఘంలో మరక అనం.”

“మరేమంటారు?”

“అనుభవం అంటాం.”

“ఇంజనులోకి కూడా అనుభవం వెళ్ళిందా?”

వరండాలోంచి అత్తయ్య నవ్వు వినిపించింది.

“నేను నొచ్చుకోలేదు,” అన్నారు అధ్యక్షులు. “కానీ పద్ధతి అని ఒకటుంటుంది.”

మా ఆయన అధ్యక్షులవారి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. “క్షమించాలి. తనకి కార్ల సంగతి తెలీదు.” నా వైపు తిరిగి, “నువ్వెళ్ళి టీ పట్రావోయ్,” అన్నారు.

అంటే కొనేస్తారన్నమాట. అంతా విన్నాక కూడా.

వంటింట్లో పాలు పొంగేదాకా ఫ్రిజ్ తలుపు మీది నియమాలు చదివాను. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఎనిమిది కప్పులు ట్రేలో పెట్టుకుని బయటికి వచ్చి మెట్లు దిగాను. అధ్యక్షులు అప్పటికే గొంతు సవరించుకుని చెయ్యి చాపారు. ఆ చేతి పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి వరండా మెట్లు మళ్ళీ ఎక్కాను.

“తీసుకోండి అత్తయ్యా.”

“మొదటిది నాకా? అమ్మేది నేను కాదుగా?” అంది, అందరికీ వినబడేలా.

“వేడిగా ఉంది. జాగ్రత్త,” అన్నాను.

ఆమె కప్పు అందుకుంది. చాపిన చెయ్యి గాల్లో కాసేపు ఉండి, ఆఖరికి వాచీ చూసుకునే పనిలో పడింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మిగిలిన కప్పులు తీసుకుని మర్యాదగా తాగారు. వెళ్ళేముందు పళ్ళ డాక్టరు టీ అద్భుతంగా ఉందన్నాడు. దానిలో పంచదార వెయ్యడం మరిచిపోయాను.

వాళ్ళ వెనక గేటు పడగానే, “నా పరువు తీశావు,” అన్నారు మా ఆయన.

“అది మునిగిన కారని మీకు నిజంగా తెలీలేదా?”

ఆయన లోపలికొచ్చి ఫ్రిజ్ దగ్గర నిలబడి, లామినేషన్ కాగితం మూలని గోటితో గీకుతున్నారు.

“తెలుసు. పోయిన వారం అధ్యక్షులవారింటి దగ్గర, ఆయన లోపలికెళ్ళినప్పుడు మ్యాట్ ఎత్తి చూశాను.”

“తెలిసీ కొంటారా?”

“ఆయన మొహం మీద ఎలా అంటాం?”

“ఆర్నెల్లు ఆగమని అత్తయ్య మొహం మీద అన్నారుగా?”

“అమ్మ మన మనిషి. ఏమీ అనుకోదు.”

వరండాలో కప్పు నేల మీద పెట్టిన చప్పుడైంది.

“అమ్మాయ్,” అంది అత్తయ్య. “ఆ ఆసుపత్రి కాగితాలూ బ్యాంకు కాగితాలూ ఇలా పట్రా. వాడి చేత ఇప్పుడే సంతకాలు పెట్టిద్దాం.”

ఆయన పెట్టారు. ఎన్నిచోట్ల పెట్టమంటే అన్నిచోట్లా పెట్టారు. అన్నీ అయ్యాక పెన్ను నా చేతికిచ్చి, థాంక్స్ కూడా చెప్పారు.