సబ్బు మీద అక్షరాలు

కొత్త సబ్బుకు నడిమధ్య గొడుగు ఊచతో చిల్లు పొడిచి, బ్యాండేజీ పీలిక దూర్చి, వార్డు గుమ్మం పక్కనున్న కుళాయికి కట్టింది సబ్బమ్మ. కట్టకపోతే సబ్బుకు కాళ్ళొస్తాయి. ముడి బిగించి, సబ్బు మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలను ఒకసారి తడిమి చూసింది. వార్డులో పనిచేసేవాళ్ళంతా చేతులు సవ్యంగా కడుక్కుంటే సాయంత్రానికల్లా ఆ అక్షరాలు అరిగిపోవాలి. ఆమెకు తెలిసిన పరీక్ష అదొక్కటే. అందులో ఈ వార్డు ఏనాడూ పాసైన పాపాన పోలేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మందునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు ముడతలు పడిపోయాయి. కోపమూ మాస్కూ రెండూ ముక్కు మీదే ఉంటాయి. ఫ్లూ వార్డులో ఆయా పని. నేల తుడుస్తుంది, మంచాలు తుడుస్తుంది, మిగిలిన సమయమంతా డాక్టర్లనీ నర్సులనీ చూడకుండా అందరి మీదా అరుస్తుంది.

అరవక ఏం చేస్తుంది? పదకొండేళ్ళ కిందట జ్వరాలు ఇలాగే విరుచుకుపడ్డప్పుడు, ఈ వార్డులోనే స్ట్రెచర్ తోసే ఆమె భర్త వారం తిరక్కుండా పోయాడు. అప్పటి పెద్ద డాక్టరు, "మాస్కు సరిగ్గా పెట్టుకుని, చేతులు కడుక్కుంటూ ఉంటే బతికేవాడేమోనమ్మా" అన్నాడు. ఆ 'ఏమో'ను ఆమె ఇప్పటికీ మోస్తూనే ఉంది. తను అరిచి గోల చెయ్యబట్టే ఆ తర్వాత ఈ వార్డు సిబ్బందిలో ఇంకెవరూ పోలేదని ఆమె గట్టి నమ్మకం.

పదింటికి హెడ్ నర్సు కాగితాల కట్టతో వచ్చింది. ఫ్లూ జాగ్రత్తల మీద సిబ్బందికి పరీక్షట. ఇరవై ప్రశ్నలు, పావుగంట. సగం మార్కులైనా రానివాళ్ళు వార్డులో ఉండకూడదని పైనుంచి ఉత్తర్వు. చెప్పి, నాలిక మీద వేలు తడి చేసుకుని మరీ కాగితాలు పంచింది. డాక్టరు మాస్కును గడ్డం కిందికి లాక్కుని, అందరికీ వినబడేలా జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. రాసే పెన్ను ఒక్కటే దొరికింది. మూడో మంచం రోగి కఫం గిన్నె పారబోసి వచ్చిన చేత్తోనే చిన్న నర్సు దాన్ని అందుకుంది.

"ఏమ్మాయ్, ఆ చేత్తోనా?" అంది సబ్బమ్మ.

"టైమైపోతోంది పిన్నీ. ఇది రాసేసి కడుక్కుంటాలే."

"రాసేదేమో చేతులు కడుక్కోవాలని. కడుక్కోవడం మాత్రం రాశాకా?"

అందరూ నవ్వారు. సబ్బమ్మకు ఒళ్ళు మండిపోయింది. పెన్ను చేతులు మారింది. చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలన్న ఏడో ప్రశ్న దగ్గర, చిన్న నర్సు దాన్ని మళ్ళీ తీసుకుని నోట్లో పెట్టుకుని ఆలోచించింది. చివరికది తడితడిగా సబ్బమ్మ దగ్గరికి వచ్చింది. ఆమె దాన్ని స్పిరిట్ దూదితో తుడిచి పక్కన పెట్టి, కుళాయి దగ్గరికి నడిచింది. అరచేతులు, వెనకవైపు, వేళ్ళ సందులు, గోళ్ళు, అన్నీ తీరిగ్గా రుద్దుకుని వచ్చేసరికి కాగితాలు తీసేసుకున్నారు.

సాయంత్రం హెడ్ నర్సు ఆమెను పక్కకు పిలిచింది.

"అందరికీ ఇరవైకి ఇరవై అక్కా. నీకు సున్నా. నీకు తెలీదని కాదు. పైవాళ్ళు చూసేది కాగితాన్నేగా, నన్నేం చెయ్యమంటావు? రేపట్నుంచి దుప్పట్ల గదికి వెళ్ళు."

"నేను లేకపోతే వీళ్ళు ఆ కుళాయి మొహం చూస్తారా తల్లీ?"

"మేమంతా చదువుకున్నవాళ్ళమే కదక్కా."

సబ్బమ్మకు ఇన్నేళ్ళుగా గోడకు చెప్పుకున్నట్టే అయిందని విసుగొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. వెళ్ళేముందు బీరువాలోంచి ఇంకో కొత్త సబ్బు తీసి, చిల్లు పొడిచి కుళాయికి కట్టింది.

"రేపు సాయంత్రానికి దీని మీద ఒక్క అక్షరం కనబడకూడదు. విన్నావా?" అంది చిన్న నర్సుతో.

"అలాగే పిన్నీ, నువ్వు బెంగపెట్టుకోకు." ఆ పిల్ల మాస్కు ముక్కు కిందే ఉంది. సబ్బమ్మ తనే దాన్ని పైకి లాగబోయి, వార్డులో తిరిగిన చెయ్యని గుర్తొచ్చి ఆగిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున వార్డు నుంచి చీటీ వస్తే, ఉతికిన దుప్పట్లు పట్టుకుని సబ్బమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. లోపలికి వెళ్ళే హక్కు లేదు. హెడ్ నర్సు బయటికొచ్చింది. మాస్కు ముక్కు మీద బిగించి కట్టుకుని ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏ మంచానికమ్మా ఇవి?" అంది సబ్బమ్మ.

"మూడో మంచానికి." ఆమె తల ఎత్తలేదు. "మన చిన్న నర్సు అక్కా. జ్వరంతో నాలుగు రోజులే ఉంది. ఇందాకే మార్చురీకి తీసుకెళ్ళారు."

దుప్పట్లు ఆమె చేతుల్లో పెట్టి సబ్బమ్మ అక్కడే నిలబడిపోయింది. గుమ్మం పక్కన గోడకు, అందరి మార్కుల పట్టీ అద్దం బిగించి వేలాడదీశారు. దాని కిందే కుళాయి. కుళాయికి తను కట్టిన సబ్బు ఎండి బీటలు వారి ఉంది, దాని మీద అక్షరాలు ఒక్కటీ అరగలేదు.