రాగిగింజంత

వేరుశెనగ చెట్లు పీకుతున్న హనుమక్క రవికె మీద మళ్లీ ఎర్రటి మరక తేలింది. కొంగు లాగి కప్పుకుంది. పక్క సాలులోని ఆడవాళ్లు చూసీ చూడనట్టు తలలు వంచుకున్నారు. పొద్దునే అత్త బయమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

"పాలొచ్చే తావున నెత్తురొస్తాండాది. ఏం పాపం చేసినావో! బిడ్డకు నీ చేతి కూడు పెట్టొద్దు."

పదేళ్ల కూతురు భారతి అలిగి, తినకుండానే బడికి పోయింది.

భర్త ఎర్రప్ప తల్లికి ఎదురు చెప్పలేడు. టౌన్లో స్కానింగు తీయిస్తే ఏమీ కనిపించలేదు. అయినా అక్కడి డాక్టరు, అనుమానం ఎందుకు, రొమ్ము మొత్తం తీసేద్దామన్నాడు. ఎర్రప్ప సరేనని వచ్చాడు. ఆ సంగతి హనుమక్కకు చేనులో కూలి ఆడవాళ్ల నోట తెలిసింది.

"నా ఒళ్లు కోసేది నాకు చెప్పవా?" అని సాయంత్రం నిలదీసింది.

"ఏడుస్తావని చెప్పలేదు."

"బెంగుళూరులో చూపీ. ఆడ గూడా కోయాలంటే అప్పుడు చూద్దాం."

బెంగుళూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ నూలుపోగులాంటి సన్నటి గొట్టం చూపించింది. దాని కొసన కెమెరా ఉంది. "పాలొచ్చే రంధ్రంలోంచి లోపలికి పోతుందమ్మా. మత్తు సూది వేస్తాను, భయపడొద్దు."

సూది చురుక్కుమంది. తర్వాత ఎవరో లోపల మెల్లగా నెడుతున్నట్టు తప్ప నొప్పి లేదు. కెమెరా చూపించేది పక్కనున్న టీవీలో కనిపిస్తోంది. హనుమక్క అటు చూసింది. కుళ్లిపోయిందేమోనని ఇన్ని నెలలూ తాను వణికిన చోట లేత గులాబి రంగు దారి ఉంది. మలుపులో, గోడకు అంటుకొని, రాగిగింజంత ఎర్రటి కాయ.

"నెత్తురు దీన్నుంచే. చూస్తే చెడ్డదిగా లేదు. తీసి పరీక్షకు పంపితేనే ఖాయంగా చెప్పగలను. ఈ కాయా, ఇదున్న నాళమూ తీస్తే ఇప్పటికి చాలు. రొమ్ము తియ్యక్కర్లేదు."

హనుమక్క కళ్ల వెంట నీళ్లు కారాయి.

ఎర్రప్ప బయటి టెలిఫోన్ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేసి, ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

"అమ్మ ఒప్పుకోలే. మొత్తం తీపిచ్చుకుంటేనే ఇంట్లో కలుపుకుంటాదంట."

"రాగిగింజంత దానికి రొమ్మంతా ఇయ్యల్నా? రేపు పరీక్షలో చెడ్డదని తేలితే అప్పుడు ఆలోచిస్తా. మీయమ్మ కోసమైతే ఇయ్యను."

"మరి యాడ వండుకుంటావు?"

"మూడు రాళ్లు దొరకవా మనూర్లో?"

నర్సు తలుపు తీసింది. "ఆపరేషన్ సంగతి మాట్లాడాలంట. హనుమక్క తాలూకు ఎవరు?"

ఎర్రప్ప అలవాటుగా లేచాడు. హనుమక్క అతని చెయ్యి పట్టుకొని ఆపింది.

"నువ్వు కూచో. నాతో చెప్పనీ."

కొంగు సర్దుకొని ఆమె లోపలికి నడిచింది.