పదహారు అంగుళాల చోటు

శ్యామ్‌సుందర్‌కి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. కూతురు రేణు స్కూలు నుంచి ప్రాజెక్టు అంటూ ఏదైనా తెచ్చిందా, ఇక ఆయన చేతులు ఆగవు. మూడో క్లాసులో అగ్నిపర్వతం చెయ్యమంటే వంటింటి సీలింగుకి మచ్చ పడేంత గొప్పగా చేసిపెట్టాడు. అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న వాళ్లింటికి ఎవరొచ్చినా భార్య ప్రమోద ముందు ఆ మచ్చ చూపించి, తర్వాతే కాఫీ ఇస్తుంది.

ఇప్పుడు 1984. రేణు ఎనిమిదో క్లాసు. స్కూల్లో హిస్టరీ ఫెయిర్ ఉందని, తనకి బానిసల ఓడ టాపిక్ అని చెప్పింది. 1858లో ఆఫ్రికా నుంచి మనుషుల్ని దొంగచాటుగా తీసుకొస్తున్న ఎకో అనే ఓడని క్యూబా దగ్గర అమెరికా నేవీ వెంటాడి పట్టుకుంది. పట్టుకున్న నేవీ ఓడ పేరు డాల్ఫిన్. లైబ్రరీ పుస్తకంలో ఆ డాల్ఫిన్ బొమ్మ శ్యామ్‌సుందర్ కంటపడింది. అంతే, అయిపోయింది!

నెల రోజులపాటు ఆఫీసు నుంచి రావడం, బేస్‌మెంట్‌లోకి దిగడం. బాల్సా అనే తేలికపాటి చెక్కతో ఓడ, రెండు స్తంభాలు, గోళీకాయంత ఫిరంగులు. తెరచాపలకని ప్రమోద పాత వెంకటగిరి చీర చెంగు కత్తిరించాడు. పాతదే కదా అన్నందుకు ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. ఫెయిర్‌లో ఫస్ట్ ప్రైజ్ మనదే అని ఫ్రెండ్ కృష్ణమూర్తికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. మనదే అన్నాడు చూశారా, దానిదే అనలేదు.

ఫెయిర్ ఇంకా పది రోజులుందనగా, ఓ శనివారం మధ్యాహ్నం రేణు బేస్‌మెంట్ మెట్ల మీద నిలబడింది.

"నాన్నా, బోట్ ఫెయిర్‌కి రాదు."

"అదేంటే! ఎందుకు రాదు?"

"ఎవరు చేశారు అని టీచర్ అడుగుతుంది. నేను లై చెయ్యను." ఓడ వైపు వేలు చూపించింది. "ఇది నా ప్రాజెక్ట్. నువ్వు మొత్తం తీసేసుకున్నావ్. ఇప్పుడు నాకు ఏం లేదు. నేను డ్రాప్ అవుతాను."

"నెల రోజులు నడుం విరగ్గొట్టుకున్నానే నీ కోసం!"

"మీ నడుం సంగతి తర్వాత," పైనుంచి అందుకుంది ప్రమోద. "ముందు పిల్ల మొహం చూడండి."

చూశాడు. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, కిందికి జారకుండా బిగపట్టి నిలబడింది. శ్యామ్‌సుందర్ ప్రాణం ఉసూరుమంది. పదమూడేళ్లలో ఆ పిల్లకి ఒక్క ప్రాజెక్టూ దక్కనివ్వలేదని, పాపం, అప్పుడు తట్టింది మహానుభావుడికి. జిగురు సీసాకి మూత పెట్టాడు.

"సరే. నువ్వేం చేద్దామనుకున్నావో చెప్పు."

ఈ నెల రోజుల్లో ఆ మాట అడగడం అదే మొదటిసారి. రేణు మెట్టు మీదే కూర్చుంది.

"షిప్ గురించి కాదు నాన్నా. పీపుల్ గురించి. నేవీ పట్టుకుంది, ఫ్రీ చేసింది, హ్యాపీ ఎండింగ్. బుక్‌లో బొమ్మ కూడా అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఏమైందో తెలుసా? అదే షిప్‌లో, అదే టైట్ ప్లేస్‌లో, ఇక్కడ చార్ల్‌స్టన్ పోర్ట్‌కి తీసుకెళ్లారు. అక్కడ ఫోర్ట్‌లో పెట్టారు. మళ్లీ ఇంకో షిప్ ఎక్కించి ఆఫ్రికాలో లైబీరియా పంపించారు."

"లైబీరియా వాళ్ల ఊరా?"

"కాదు! వాళ్లది కాంగో సైడ్. చాలా దూరం."

"అంటే మనల్ని తీసుకెళ్లి ఏ కరాచీలోనో దింపేసి, పొండి, ఇదే మీ దేశం అన్నట్టు."

"యా. అండ్ ఆ సెకండ్ షిప్‌లో టూ సెవెంటీ మంది ఎక్కారు. సెవెంటీ వన్ చచ్చిపోయారు. ఫ్రీ అయ్యాక, నాన్నా. ఫ్రీ అయ్యాక."

ఆయన నెల రోజులు ఫిరంగులు చెక్కాడు తప్ప, ఆ రెండో ఓడ ఒకటుందన్న సంగతే తెలియదు.

"నువ్వు కార్‌లో సీట్స్ డిజైన్ చేస్తావు కదా," అంది రేణు. "ఒక మనిషికి ఎంత ప్లేస్ కావాలి?"

ఇది ఆయన సొంత విద్య. ఆఫీసు బ్యాగ్‌లోంచి ప్లాస్టిక్ మనిషిని తీశాడు. సీటు డ్రాయింగు మీద పెట్టి చూసుకోవడానికి పల్చటి బిళ్లతో చేసిన బొమ్మ అది. మెడ, నడుం, మోకాలు అన్నీ మడతపడతాయి. ఆ బొమ్మ కొలతకి తగ్గట్టు, ఆ ఓడలో ఒక్కో మనిషికి దక్కిందని పుస్తకంలో రాసిన పదహారు అంగుళాల వెడల్పుని కాగితం మీద గీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. మోకాళ్లు మడిచాడు, నడుం వంచాడు. ఎలా పెట్టినా బొమ్మ గీత దాటి బయటికొస్తోంది.

"వెనక సీట్లో మనిషికి ఇరవై అంగుళాలు ఇవ్వకపోతే మా బాస్ డ్రాయింగ్ మొహాన కొడతాడే," అన్నాడు మెల్లగా.

"నాకు అదే కావాలి. ఫెయిర్‌లో ఫ్లోర్ మీద రియల్ సైజ్‌లో టేప్ వెయ్యాలి. టేప్ నువ్వు వెయ్యి. ఇంకేం ముట్టుకోవద్దు. ప్రామిస్?"

ప్రామిస్ చేశాడు. ఆ పది రోజులూ ఆయన పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. రేణు గది తలుపుదాకా వెళ్లడం, ప్రమోద దగ్గేసరికి వెనక్కి తిరగడం. అయినా మాట తప్పలేదు, అంతవరకూ మెచ్చుకోవాలి.

ఫెయిర్ రోజు స్కూలు జిమ్‌లో బల్లలన్నీ రంగు చార్టులతో వెలిగిపోతున్నాయి. రేణు దగ్గర బల్లే లేదు. నేల మీద ఆయన వేసిన టేపు గళ్లు ఎనిమిది, అంతే. ఎనిమిదిమంది కూర్చోవాలి అని పిలిచింది. ముందు శ్యామ్‌సుందరే ఉరికాడు. ఆయన పక్కన కళ్లజోడు పెట్టుకున్న జడ్జి ఒకావిడ కూర్చుంది. నలుగురు, వాళ్ల కాళ్ల మధ్య ఇంకో నలుగురు. ముందున్న పెద్దాయన వీపు శ్యామ్‌సుందర్ మోకాళ్లని నొక్కేస్తోంది. జనం ఇకిలింపులు, సారీలు, నవ్వులు.

"నేవీ ఓడ వచ్చింది," అంది రేణు ఇంగ్లీషులో, గొంతు పెంచకుండా. "దొంగల్ని పట్టుకుంది. మీరిప్పుడు స్వతంత్రులు."

అందరూ చప్పట్లు కొట్టి లేవబోయారు.

"కదలకండి. చార్ల్‌స్టన్‌కి ఇంకా ఆరు రోజులుంది."

నవ్వులు ఆగిపోయాయి. తర్వాత ఫోర్ట్ గురించి చెప్పింది, రెండో ఓడ గురించి చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. చెప్పడం అయ్యాక ఒక్కొక్కరి భుజం తట్టి, లైబీరియా వచ్చింది, దిగండి అంటూ లేపింది. ఒకరు, ఇద్దరు, ఆరుగురు. శ్యామ్‌సుందర్‌ని తట్టలేదు. తండ్రిని కదా అని ఆయనే సగం లేచాడు.

"నో సర్," అంది రేణు. "మీరు అంతదూరం చేరలేదు."

సర్! ఆయన మళ్లీ చతికిలబడ్డాడు. పక్కన మిగిలిపోయిన జడ్జి కళ్లజోడు తీసి, తుడుచుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. లేచి వెళ్లిన ఆరుగురూ ఖాళీ గళ్ల వంక చూస్తున్నారు. రేణు ఆయన వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఇది నా కూతురే అని జిమ్ అదిరిపోయేలా అరవాలనిపించింది శ్యామ్‌సుందర్‌కి. కానీ ఎక్కడివాళ్లో, ఎవరి పిల్లలో, విడుదలయ్యామనుకుని ఓడలోనే పోయిన ఆ డెబ్బై ఒక్కమందీ గుండెలో బరువుగా మెదిలారు. ఆ బరువులోనే ఇంకో మూల చెప్పలేనంత సంతోషం. ఆయన కళ్లు తుడుచుకుంటూ అలాగే ఉండిపోయాడు.

జడ్జి లేచి వెళ్లిపోయింది. చుట్టూ జనం మూగారు. కాసేపటికి రేణు వంగి ఆయన చెవిలో అంది.

"నాన్నా, ఇంక లే. వేరేవాళ్లు కూర్చోవాలి."