అమ్మ ముఖంలోని వెలుగు

ముఖ్యమంత్రి గది బయట ఎర్రదీపం వెలుగుతోంది. అంటే లోపల ఆయన ఫైలును ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దేవుణ్ణి అడుగుతున్నాడన్నమాట. జవాబు వచ్చేదాకా కలం పట్టడు. దీపం ఆరేదాకా ఎవరూ తలుపు తట్టరు.

"పైవారితో మాట్లాడుతున్నారమ్మా. లైను ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ పైవారికే తెలియాలి," అన్నాడు కార్యదర్శి గొంతు తగ్గించి.

ముఖ్యమంత్రి అక్క నవ్వలేదు. ఆ ఒడిలో ఉన్నది ఆమె వార్డు ఫైలే. నయంకాని రోగులను కడదాకా కనిపెట్టుకునే ఆ వార్డుకు ఆమె హెడ్ నర్సు. నొప్పిని అణచే మార్ఫిన్‌కు ఇచ్చిన అనుమతి నేటితో ముగుస్తోంది. తమ్ముడు సంతకం పెట్టకపోతే, కిటికీ పక్క మంచంలోని దర్జీ రేపటినుంచి దిండు కొరుక్కుంటూ బతకాలి.

దీపం ఆరింది.

"రా అక్కా. తిన్నావా?" తమ్ముడే లేచి కుర్చీ జరిపాడు.

గదిలో ఆడంబరం లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు అమ్మ ఫొటో. లంచం ముట్టని మనిషి, జ్వరంలోనూ ప్రార్థన మానని మనిషి. అందుకే జనానికి నమ్మకం. అందుకే అక్కకు భయం.

"నా తిండి సంగతి సరే. సంతకం పెట్టావా?"

"మనసు ఒప్పుకోలేదక్కా. నొప్పితోనే దేవుడు మనిషిని కడుగుతాడు. మధ్యలో మనం వెళ్ళి కుళాయి కట్టేస్తే ఎలా?"

"పన్ను నొప్పికే ఇల్లు పీకి పందిరేసినవాడివి. నాకా చెప్తున్నావు?"

తమ్ముడు నవ్వాడు. చిన్నప్పటి నవ్వే. ఆపైన చూపు గోడ మీదికి మళ్ళింది.

"అమ్మను తలుచుకో. అంత బాధలోనూ మందు ముట్టలేదు. నవ్వుతూ వెళ్ళింది. ఆ ముఖంలో వెలుగు చూశాకే కదా నేను ఈ దారికొచ్చింది! అమ్మ ఓర్చుకుంది. వీళ్ళూ ఓర్చుకుంటారు."

ఇన్నేళ్ళు మింగిన మాటను అక్క బల్ల అంచు పట్టుకుని కక్కేసింది.

"ఓర్చుకోలేదురా. అరిచింది. నువ్వు ప్రార్థన మందిరంలో ఉన్నావు. 'చంపేయవే తల్లీ' అని నా చెయ్యి కొరికింది. నేనే తేనెలో మార్ఫిన్ కలిపి పట్టించాను. నువ్వు చూసిన వెలుగు ఆ మందుదే."

తమ్ముడి కళ్ళు నిండాయి. కరిగాడు, అనుకుంది అక్క. కలాన్ని అతని చేతి దగ్గరకు జరిపింది.

"అంటే... దేవుడు కడగకుండానే అమ్మ వెళ్ళిపోయిందా?"

"ఏం మాటరా అది!"

"నీది ప్రేమే అక్కా. నిన్నేమీ అనను. కానీ ఇంకే తల్లికీ ఇలా జరగనివ్వను." కలం తీసుకున్నాడు. "ఒక్క నీ వార్డు కాదు. ఏ ఆసుపత్రిలోనూ ఈ మందు ఉండకూడదు."

ఈసారి కళ్ళు మూసుకోలేదు. దేవుణ్ణి అడగలేదు. ఏడుస్తూనే రాశాడు.

అక్క వార్డుకు తిరిగి వచ్చేసరికి దర్జీ మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాడు.

"సొంత తమ్ముడు కదమ్మా, కాదంటాడా?" అన్నాడు ఆశగా.

ఆమె ఆఖరి మార్ఫిన్ సూది గుచ్చింది. కాసేపటికి అతని పిడికిలి విడింది, మోకాళ్ళు మెల్లగా చాపుకున్నాడు. జవాబు వినకుండానే నిద్రపోయాడు. ఆమె ఆ మంచం పక్కనే, రేపు అతను అరవబోయే చోట, నిలబడిపోయింది.