ఎడమ నుంచి, కుడి నుంచి

మా ఆయన ఏసుబాబు పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేసేవారు. ఊళ్లకు నీటి పైపుల మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ వాళ్లది. అది నడిచే యూనిక్స్ వర్క్‌స్టేషన్ అనే కంప్యూటర్ పాతబడింది, విడిభాగాలు దొరకడం లేదు. సాఫ్ట్‌వేర్‌ను వేరే రకం వర్క్‌స్టేషన్ మీదికి మార్చాలి. దాన్ని పోర్టింగ్ అంటారట. పాత మిషన్ సంగతి తెలిసింది ఈయనకొక్కరికే.

"గిది నడిపియ్యి ఏసన్నా, నిన్ను పర్మినెంట్ చేపిస్త," అన్నాడు మేనేజరు మహేశ్.

ఆ మాట మీదే నేను మోకరించాను. "ప్రభువా, ఈ పని పూర్తి చేయించు." రోజూ అదే ప్రార్థన.

కొత్త మిషన్‌లో సాఫ్ట్‌వేర్ లేచింది గానీ మ్యాపు చెడిపోయింది.

"అమీర్‌పేట పైపు పోయి సముద్రంల పడ్డది, జీవా," అని నవ్వారు.

"నవ్వుడేంది? ఎందుకట్లయింది?"

మైత్రీవనం ఎదురుగా బస్సు కోసం నిలబడి ఉన్నాం. మందుల దుకాణం బోర్డు చూపించారు.

"పైన తెలుగు, కింద ఉర్దూ. పేరు ఒక్కటే. తెలుగు ఎడమ నుంచి చదువుతం, ఉర్దూ కుడి నుంచి. అంకెలు దాచుకునే కాడ పాత మిషన్‌ది ఒక దిక్కు, కొత్తదాన్ది ఇంకో దిక్కు. పాత ఫైల్ ఇస్తే కొత్తది ఉల్టా చదువుతుంది."

"మరి దానికి చెప్పరాదు?"

"గదే చెప్తున్న. అది చదివే ప్రతి చోట చెప్పాలె."

చెప్పడం అయింది. పైపు అమీర్‌పేటకు తిరిగొచ్చింది. నేను ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెడదామన్నాను.

"పర్మినెంట్ ఆర్డర్ రానీ," అన్నారాయన.

"చేతికొచ్చినంక స్తోత్రం చెప్పేదాన్ని విశ్వాసం అంటరా?" అన్నాను.

యూసుఫ్‌గూడలో మా అద్దె ఇంటికి చర్చి సంఘస్థులు వచ్చారు. బగారా అన్నం, కోడికూర వండాను. మహేశ్‌ను కూడా పిలిచాను. అతను స్వీటు డబ్బాతో వచ్చి, గుమ్మం బయట బూట్లు విప్పుతూ, ఎదురెళ్లిన ఈయనకు మెల్లగా చెప్పాడు.

"ఏసన్నా, పాత మిషన్ స్క్రాప్‌కు పోయింది. నీ కాంట్రాక్టు నెలాఖరు దాకనే అంటున్నరు పైవాళ్లు. నేను జర గట్టిగనే అడిగిన. నువ్వు గంత సాఫ్‌గ చేసినవ్ కద, ఇగ నువ్వు చూసేదేమున్నదంటున్నరు. కొత్తది నేర్చుకున్న పిల్లలు అమీర్‌పేట కోచింగ్‌లల్ల మస్తు దొరుకుతరట."

గుమ్మం లోపల గిన్నె పట్టుకుని నేను విన్నాను. అప్పుడే పాస్టరు అయ్యగారు పిలిచారు.

"రా ఏసుబాబూ, ప్రభువు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పు."

ఆయన లోపలికి వచ్చి అందరి ముందు నిలబడ్డారు.

"పని పూర్తయింది. ప్రభువుకు స్తోత్రం," అని కూర్చున్నారు.

అందరూ స్తోత్రం అన్నారు. మహేశ్ అందరికంటే గట్టిగా అన్నాడు. భోజనాల దగ్గర, "వదినా, కూర మస్తుగుంది," అని మళ్లీ వేయించుకున్నాడు. వేశాను.

పని పూర్తి చేయించమని అడిగాను. పూర్తయింది. ఉద్యోగం నిలపమని విడిగా అడగలేదు, అదీ ఆ మాటలోనే ఉందనుకున్నాను. నా ప్రార్థనను దేవుడు ఏ దిక్కు నుంచి చదివాడో అడగాలని ఉంది. అలా అడగవచ్చో లేదో అయ్యగారిని అడుగుదామనుకుని, ఆయన ఆకులో అన్నం వడ్డించి వచ్చేశాను.