ఆరు బిళ్ళల్లో ఇంగువ

సీసా మూత తిప్పుతాను. చల్లదనం వస్తుంది.

ముక్కులోంచి పైకి, కళ్ళ వెనక దాకా, నుదుటి లోపలి దాకా — సన్నటి చలిగాలి. డిసెంబరు పొద్దున మేడ్చల్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే ముఖానికి కొట్టే గాలి ఇలాగే ఉంటుంది.

అంతే. చల్లదనం మాత్రమే. వాసన లేదు.

పిప్పరమెంటు నూనెకు వాసన ఉంటుందని నాకు గుర్తుంది. ఎలా ఉంటుందో గుర్తు లేదు.

నాలుగేళ్ళ కింద ఊరంతటికీ వచ్చిన జ్వరమే నాకూ వచ్చింది. అందరికీ తగ్గినట్టే నాకూ తగ్గింది. పోతూ పోతూ వాసనలను వెంటబెట్టుకుని పోయింది. అందరి వాసనలూ తిరిగి వచ్చాయి. నావి రాలేదు. తిరగమోత లేదు, మల్లెపూలు లేవు, పెట్రోలు లేదు, తొలకరికి తడిసిన మట్టి లేదు... డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, వస్తుందమ్మా, టైం పడుతుంది అన్నాడు. ఏడాదికోసారి అదే మాట అంటున్నాడు. నమ్మడం మానేశాను.

నా కూతురు అశ్రిత తల వాసన కూడా లేదు. నూనె రాసి, జడ వేసి, ఎవరూ చూడకుండా పాపిట మీద ముక్కు ఆనిస్తాను. గోడకు ఆనించినట్టే ఉంటుంది. ఆ బాధ ముందు మిగతావన్నీ దిగదుడుపే.

నాలుకకు తీపి తెలుస్తుంది. ఉప్పు తెలుస్తుంది. కారం మండుతుంది. చల్లదనం తెలుస్తుంది — అది వాసన కాదు, స్పర్శ అట. డాక్టరు చెప్పిన మాటల్లో నేను నమ్మింది అదొక్కటే.

అందుకే ఈ బిళ్ళలు. లోకంలో నా ముక్కుకు ఇంకా పలుకుతున్నది ఇదొక్కటే.

చక్కెర పొడిని జల్లిస్తాను. అందులో చిక్కటి తీపి డబ్బా పాలు. నూనె — అయిదు చుక్కలు. ఆరోది పడితే నోరు మండుతుందని వీడియోలో చెప్పారు కాబట్టి, ఊపిరి బిగబట్టి లెక్కపెడతాను. చపాతీ పిండిలా కలిపి, మందంగా ఒత్తి, సీసా మూతతో గుండ్రంగా కోస్తాను. తెల్లటి బిళ్ళలు. పళ్ళెంలో పరిచి గాలికి పెడతాను. తూర్పు కిటికీ తెరిస్తే శామీర్‌పేట చెరువు గాలి వస్తుందని మా అత్తమ్మ అంటుంది. చెరువు ఎక్కడ, మా వంటిల్లు ఎక్కడ. గాలికి వేరే పని లేనట్టు.

తర్వాత చాక్లెట్. కింద గిన్నెలో మరిగే నీళ్ళు, పై గిన్నెలో నల్లటి ముక్కలు. నీటి తడి తగలకూడదు. ఒక్క చుక్క పడిందా — నునుపంతా పోయి ఇసుక ముద్దవుతుంది. అంత అనుమానం దానికి. నాకు తగినదే దొరికింది.

ఫోర్క్ మీద బిళ్ళను ఎత్తి, ముంచి, తీసి, గిన్నె అంచుకు తట్టి, బటర్ పేపర్ మీద పెడతాను. తెల్లది నల్లదైపోతుంది. లోపల ఏముందో పైకి తెలియదు.

మంచిగుంది అన్నాడు నా భర్త నగేష్.

మంచిగుంది అంది అశ్రిత.

మంచిగుంది అంది మా అత్తమ్మ ఇందిరమ్మ.

ముగ్గురిదీ ఒకే మాట. ఒకే తూకం. నాకు అక్కడే పురుగు తొలిచింది.

నగేష్ ప్లాట్లు అమ్ముతాడు. శామీర్‌పేట దగ్గర, నిచ్చెన వేసుకుని ఎక్కినా చెరువు కనపడని ప్లాటుకు 'లేక్ వ్యూ' అని బోర్డు పెట్టించాడు. కీసర దగ్గర ముళ్ళకంపలు చూపించి, బడి ఇక్కడ వస్తుంది, పార్కు అక్కడ వస్తుంది అంటాడు. వినేవాళ్ళకు నిజంగానే ఊయల కనపడుతుంది. అలాంటి మనిషి మంచిగుంది అంటే నేనేం అనుకోవాలి?

అత్తమ్మ సంగతి సరే సరి. పెళ్ళయిన మొదటి ఎనిమిదేళ్ళూ నా వంటకు వంక పెట్టని పూట లేదు. ఉప్పెక్కువ. పులుపు తక్కువ. పోపు మాడింది. మా అమ్మ నాకేమీ నేర్పలేదని వాడకట్టంతా చాటింది. జ్వరం తర్వాత ఆ నోటి నుంచి ఒక్క వంక రాలేదు. పైగా ఇంటికి వచ్చినవాళ్ళతో మా ఆమని చేయి మంచిది అంటోంది. అత్త నోరు ఊరికే మూతపడుతుందా? అప్పుడే అనుమానం రావలసింది. నా వంట బాగుపడిందనుకున్నాను, వెర్రిదాన్ని.

పై పోర్షన్‌లో ప్రిస్కిల్లా ఉంటుంది. చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతుంది. సోమవారం కిందికి వచ్చి, ఒక బిళ్ళ తిని, కళ్ళు మూసుకుని కరిగేదాకా చప్పరించింది. ఆదివారం క్రిస్మస్ ప్రోగ్రాం ఉంది, పిల్లలకు పంచడానికి రెండు వందలు చేసిస్తావా అని అడిగింది. రెండు వందలు. ఈ నాలుగేళ్ళలో నా చేతిని నమ్మి ఒకరు అడగడం అదే మొదలు. సంతోషంతో నాకు కాళ్ళు నిలవలేదు.

ఆ సాయంత్రమే గేటు దగ్గర ఆమె, నగేష్ మాట్లాడుకుంటున్నారు. నన్ను చూడగానే మాట నీళ్ళ మోటారు మీదికి మళ్ళింది.

మోటారు బాగానే ఉంది.

అడిగింది బిళ్ళలేనా? లేక నగేష్ చెబితే, జాలిపడి...

పెద్దవాళ్ళు జాలితో మింగుతారు. రెండు వందల మంది పిల్లలు మింగరు. పిల్లలు ఉమ్మేస్తారు. చర్చి మెట్ల మీద, అందరి ముందు, ఒకరి తర్వాత ఒకరు... ఆ చప్పుడు నాకు నాలుగు రోజుల నుంచి వినపడుతూనే ఉంది.

అనుమానం వచ్చాక కళ్ళు ఊరుకుంటాయా? అత్తమ్మ బిళ్ళ తిన్న ప్రతిసారీ వెంటనే రెండు లవంగాలు నోట్లో వేసుకుంటోంది. గురువారం నగేష్ చొక్కా నానబెట్టబోతే జేబులో నల్లటి మరక. సగం కొరికిన బిళ్ళ, కాగితంలో చుట్టి. అడిగితే తర్వాత తిందామని దాచుకున్నానన్నాడు. కావచ్చు. నలభై ఏళ్ళు దాటాక చాక్లెట్ దాచుకునే అలవాటు కొత్తగా వచ్చిందేమో.

శుక్రవారం ఇంట్లో ఎవరూ లేరు. అశ్రిత బడికి, అత్తమ్మ కూరగాయలకు, నగేష్ ప్లాట్ల దగ్గరికి. రేపు రెండు వందలు చేయాలి. ఇవాళ నాకు నిజం తెలియాలి.

పోపుల డబ్బా వెనక నుంచి ఇంగువ తీశాను.

ఇంగువ కట్టిన గుడ్డ సామెత ఊరికే పుట్టలేదు. దాని వాసన దాగేది కాదు. తెల్ల ముద్ద కొంచెం విడిగా తీసి, రెండు చిటికెలు వేసి మెదిపాను. పిప్పరమెంటులో ఇంగువ... తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించాలి. బుద్ధికి తెలుసు. ముక్కుకు తెలియదు. ఆరు బిళ్ళలు ఒత్తి, చాక్లెట్‌లో ముంచాను. కిటికీలన్నీ తెరిచాను. సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగాను, దొంగతనం చేసినదానిలా.

ఒకటి నేను తిన్నాను.

తియ్యగా ఉంది. చల్లగా ఉంది. ఎంత మంచిగుందో...

ఎంత భయం వేసిందో.

సాయంత్రం టీ వేళకు ముగ్గురూ ఉన్నారు. కిటికీలోంచి చలిగాలి వస్తోంది. కొత్తగా చేశాను, చూడండి అని పళ్ళెం చాపాను. లోపల ఒకటే మొక్కు. ఎవరైనా ఉమ్మండి. ఒక్కరైనా ఛీ అనండి. ఛీ అంటే చాలు, ఇన్నాళ్ళ మంచిగుందులన్నీ నిజమైపోతాయి.

నగేష్ నోట్లో వేసుకున్నాడు. దవడ ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కదిలింది. మింగాడు.

"ఎప్పటి లెక్కనే ఉంది," అన్నాడు. "మస్తుంది."

అత్తమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో అద్దుకుంది.

"సల్లగుంది బిడ్డా. కడుపుల దాంక సల్లగ పోతాంది."

అశ్రిత పుస్తకంలోంచి తల ఎత్తలేదు. బిళ్ళ నోట్లో పడీ పడకముందే అంది.

"మంచిగుంది మమ్మీ."

మంచిగుంది. మంచిగుంది. మంచిగుంది.

నేను పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను. ముగ్గురి మీదా కోపం. ఆ కోపం కింద వాళ్ళ ప్రేమ ఉందని తెలిసి, ఇంకా కోపం. ఇంగువ బిళ్ళను మింగినవాళ్ళు ఇన్నాళ్ళూ ఇంకేం మింగారు? మాడిన పప్పా? విరిగిన పాలా? పాసిపోయిన కూరా? నాలుగేళ్ళ అన్నం కళ్ళ ముందు తిరిగింది. ఒక్కో ముద్ద. ఒక్కో మంచిగుంది. పొయ్యి ముందు నిలబడి ఏది పట్టుకోవాలో తెలియక ఊరికే గరిటె పట్టుకున్నాను.

పెరట్లో కుళాయి చప్పుడైంది.

అశ్రిత నోరు పుక్కిలిస్తోంది. ఒకసారి. రెండుసార్లు. వేలితో నాలుక రుద్దుకుంటోంది. నన్ను చూసి కుళాయి కట్టేసింది. నీళ్ళు గడ్డం మీద నుంచి గౌను మీదికి కారుతున్నాయి. ఏదో చెప్పబోయింది. అబద్ధానికి ముందు దాని పెదవులు ఎలా సర్దుకుంటాయో మొదటిసారి చూశాను.

కోప్పడలేదు. పక్కన గట్టు మీద కూర్చున్నాను. అందులో ఇంగువ ఉందని, నేనే కావాలని వేశానని చెప్పాను. అది చాలాసేపు కాలి బొటనవేలితో తడి నేల మీద గీతలు గీసింది.

"డాడీ జెప్పిండు," అంది. "నువ్వు ఏం జేసినా మంచిగుందనాలె అని. లేకుంటె మల్ల ఏడుస్తవంట."

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరం తగ్గిన వారం. పొయ్యి మీద పప్పు బొగ్గైనా నాకు తెలియలేదు. ఆరేళ్ళ అశ్రిత ముక్కు మూసుకుని, కంపు మమ్మీ, కంపు అని గంతులు వేస్తూ నవ్వింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. నగేష్ పిల్లను ఎత్తుకుని మేడ మీదికి వెళ్ళాడు. అక్కడ ఏం చెప్పాడో నేను అడగలేదు. ఆ రోజు నుంచి ఈ పిల్ల నాకు కాపలా కాస్తోంది.

"మరి మొన్నటియి?" అన్నాను. "ఇంగువ లేనియి. అయ్యెట్లున్నయి? నిజం జెప్పు."

రేపు చేయవలసినవి అవే. నాకు ఆ ఒక్క జవాబు చాలు.

అశ్రిత ఆలోచించింది. నుదురు ముడిచి, కళ్ళు పైకెత్తి, నిజంగానే వెతికింది...

"తెల్వది మమ్మీ."

"తిన్నవు గద?"

"తిన్న. నోట్ల ఏసుకోంగనే మంచిగుందంట గద... ఇగ ఎట్లుందో సూడ."

తప్పు చేసినట్టు చెప్పలేదు. లెక్కల పరీక్ష ఎలా రాశావంటే చెప్పినంత మామూలుగా చెప్పింది. జామాకులు గాలికి కదిలాయి. నాకు ఒళ్ళంతా చలి పుట్టింది.

నా ముక్కును జ్వరం తీసుకుపోయింది. దీని నాలుకను ఏ జ్వరమూ తీసుకుపోలేదు. నా ఏడుపు తీసుకుపోయింది. పదేళ్ళ పిల్ల — బిళ్ళ చప్పరిస్తుంది, అన్నం తింటుంది, మామిడిపండు తింటుంది. ఏది ఎట్లుందో చూసుకోదు. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే ఏమీ తెలియకుండా తింటున్నాననుకున్నాను.

రెండు వందల బిళ్ళల సంగతి ఆ క్షణం నాకు పట్టలేదు.

లోపలికి వెళ్ళి సోమవారం చేసిన బిళ్ళ ఒకటి తెచ్చాను. ఇంగువ లేదని ఒట్టు వేసి అశ్రిత అరచేతిలో పెట్టాను. ఉమ్మినా సరే అన్నాను. కంపు అన్నా సరే. నేను ఏడవను. కరిగేదాకా మాత్రం ఏమీ అనవద్దు, తొందర లేదు అని చెప్పాను.

నోట్లో పెట్టుకుంది. పెదవులు మూసుకుంది.

పైన చాక్లెట్ కరుగుతూ ఉంటుంది. లోపలి తెల్లది నాలుకకు తగిలి ఉంటుంది. చల్లదనం వచ్చి ఉంటుంది...

నా వైపే చూస్తోంది. నా కళ్ళు. నా పెదవులు. నా గడ్డం. ఒక్కొక్కటే, జాగ్రత్తగా. ఎందుకలా చూస్తోందో మొదట నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది.

ఎట్లుందో నా ముఖంలో వెతుకుతోంది.

ముఖాన్ని కదలనివ్వకుండా, నేను దాని ఎదురుగా కూర్చున్నాను.